వ్రాయుచుండగనే తేలెడి లెక్క

మా చిన్ననాట మా యూరి బజారులో రెండు పచారీ దుకాణములుండెడివి. రెంటిలోను సరకు ఒక్కటే, ధరయు ఒక్కటే. తూకమునందు మోసము రెంటిలోను లేదు. అయినను మా అమ్మ మమ్ములను ఎప్పుడును వాటిలో ఒకదానికే పంపెడిది. ఆ దుకాణదారునకు ఒక అలవాటు కలదు. చిట్టాలో పద్దు వ్రాయుచునే పైకి చదివెడివాడు. “కందిపప్పు కిలో, రెండు రూపాయలు. బెల్లం అరకిలో, ముప్పావలా. వెరసి రెండుముప్పావలా” అని, ప్రతి పద్దు వెంటను వెరసి చెప్పుచు పోయెడివాడు. మేము అరకిలో అనబోయి కిలో అన్నచో, ఆ వెరసి చెవిని పడగానే “అయ్యో, అంత కాదండీ” అని దిద్దుకొనెడివారము. చేతిలోని సొమ్ము చాలదని తోచినచో ఒక వస్తువును మానుకొనెడివారము. రెండవ దుకాణదారుడును నిజాయితీపరుడే. కాని అతడు మౌనముగా వ్రాసి, చివరకు చీటీ చేతబెట్టెడివాడు. పొరపాటు జరిగినచో ఇంటికి వచ్చిన పిదపగాని తెలిసెడిది కాదు.

ఈ రెండు దుకాణముల భేదమే నేటి ప్రసంగమునకు విషయము. ఇప్పుడు మనము రైలు టిక్కెట్టు మొదలు బీమా, బ్యాంకు ఋణము వరకు అనేకమైన ఫారములను కాగితముపై గాక తెరపై నింపుచున్నాము. ఒక గడిలో అంకె వేయుచుండగనే క్రింది గడిలో మొత్తము మారుచుండుటను మీలో చాలమంది చూచియే యుందురు. ప్రయాణికులు ముగ్గురని వేసినచో ఛార్జీ మూడింతలగును. ఒకరిని తీసివేసినచో తగ్గును. మీట నొక్కి పంపుటకు ముందే ఫలితము కండ్లబడును. ఇది మొదటి దుకాణదారుని పద్ధతి. ఇది యెట్లు వచ్చినది, ఎట్లు జరుగును, దీనిని ఎంతవరకు నమ్మవచ్చును అను మూడు సంగతులను ఈనాడు ముచ్చటించుకొందము.

ఈ ఆలోచనకు మూలము ఒక తరగతిగది నల్లబల్ల. 1978లో అమెరికాలోని హార్వర్డు బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అను విద్యార్థి చదువుచుండెను. అధ్యాపకుడు బల్లపై గడులు గీసి వ్యాపారపు లెక్కలు వేయుచుండెడివాడు. ఒక్క అంకె తప్పైనచో దానిపై నాధారపడిన అంకెలన్నిటిని వరుసగా తుడిచి మరల వ్రాయవలసి వచ్చెడిది. ఒక అంకెను మార్చిన తక్షణమే తక్కిన వన్నియు తమంతట తామే మారు బల్ల యుండినచో ఎంత బాగుండునని ఆ విద్యార్థికి తోచినది. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను మిత్రుడు ఆ ఊహను ప్రోగ్రాముగా వ్రాసెను. 1979లో అది విజికాల్క్ అను పేర ఆపిల్ 2 కంప్యూటరుకై వెలువడినది. నేడు కార్యాలయములలో వాడుచున్న గడుల లెక్కలపట్టీల కన్నిటికి అది పెద్దక్క.

అయితే ఇంటర్నెట్టులోని ఫారములకు ఆ సౌకర్యము తొలుత లేదు. గడులన్నియు నింపి పంపినచో, ఎక్కడనో దూరముననున్న సర్వరు కంప్యూటరు లెక్క వేసి మరియొక పుటను తిరిగి పంపెడిది. తప్పున్నచో మొదటినుండి మరల నింపవలెను. ఇది రెండవ దుకాణదారుని పద్ధతి. 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన బ్రెండన్ ఐక్ పది దినములలో ఒక చిన్న ప్రోగ్రాము భాషకు తొలిరూపము కల్పించెను. అదియే పిమ్మట జావాస్క్రిప్టు అని పేరు వడసినది. దానితో లెక్క వేయు శక్తి దూరపు సర్వరునుండి మన యెదుటనున్న బ్రౌజరునకు, అనగా పుటను మనకు చూపు ప్రోగ్రామునకు, వచ్చి చేరినది. చిట్టా మన ముంగిటనే తెరచి చదువుటకు వీలు కలిగినది.

ఇక ఇది జరుగు తీరు. మనము గడిలో ఒక అక్షరము వేసినను, తుడిచినను, బ్రౌజరు ఆ వార్తను పుటలోని ప్రోగ్రామునకు తెలుపును. ప్రోగ్రాము గడులన్నిటిని చదివి, లెక్క వేసి, మొత్తమును వ్రాయును. వినుటకు ఇంతియే. కాని ఇందు ఒక మెలకువ కలదు. ప్రతి పర్యాయము లెక్కను మొదటినుండి వేయవలెనేగాని, పాత మొత్తమునకు క్రొత్త అంకెను కలుపరాదు. ఏలయన, మనము 250 అని వేయునపుడు ప్రోగ్రామునకు ముందు 2, తరువాత 25, ఆ తరువాత 250 కనబడును. వచ్చినదానినెల్ల కలుపుచు పోయినచో 277 అగును. మొదటినుండి లెక్కించినచో 250యే నిలుచును.

మరియొక చిక్కు. గడిలో మనము వేసినది మనకు సంఖ్య; యంత్రమునకు అది వట్టి అక్షరముల వరుస. పైగా జావాస్క్రిప్టులో సంఖ్యలను కూడుటకును, అక్షరములను జోడించుటకును గుర్తు ఒక్కటే. ముందుగా సంఖ్యగా మార్చుకొనక 250ని, 45ను కలుపుమన్నచో అది రెంటిని ప్రక్క ప్రక్కన చేర్చి 25045 అని చూపును. వెరసి 295 కావలసినచోట ఇరువదియైదువేలు!

ఇవి ప్రోగ్రాములు వ్రాయువారి పాట్లే, మనకేమి యని మీరనవచ్చును. అవి మన యింటివరకు ఎట్లు వచ్చునో మా అన్నగారి యింట జరిగిన సంగతి చెప్పెదను. అన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నారు. పెంకుటింటి పైకప్పు తీయించి స్లాబు వేయించి, పైన ఒక గది కట్టించవలెనని వారి కోరిక. అందులకు అయిదు లక్షలు ఋణము కావలసి యుండెను. ఒక ఋణసంస్థవారి పుటలో నెలసరి వాయిదా చూపు ఫారము కలదు: అసలు, వడ్డీరేటు, నెలలు అను మూడు గడులు, వాటి క్రింద వాయిదా. వింటిలో బాణము పెట్టినట్లు వ్రేలు చాచి అన్నగారు కూర్చుండిరి, నేను ప్రక్కనుంటిని.

మొదట వారు తమ యలవాటు చొప్పున ఫోనులో తెలుగు అంకెలు వేసిరి. వాయిదా గడిలో “నాన్” అను అర్థమునిచ్చు మూడు ఇంగ్లీషు అక్షరములు వెలసినవి. ‘ఇది సంఖ్య కాదు’ అని దాని భావము. “ఎనిమిది తరములు వ్రాసిన అంకె సంఖ్య కాదటయ్యా!” అని అన్నగారు నొచ్చుకొనిరి. రెండవ పర్యాయము ఇంగ్లీషు అంకెలతో 5,00,000 అని, మనదేశపు రీతిని కామాలు పెట్టి, నూటికి 9 వడ్డీ, 60 నెలలు వేసిరి. నెలసరి వాయిదా 10 పైసలని వచ్చినది. అందరమును నవ్వితిమి. ఆ ప్రోగ్రాము తొలి కామా కడ చదువుట మాని, అయిదు లక్షలను అయిదు రూపాయలుగా గ్రహించినది.

మూడవ పర్యాయము అన్నీ తుడిచి, కామాలు లేక 500000 అని వేసి, నెలల గడిలో 60 వేసిరి. వెంటనే 8,333.33 అని వాయిదా కనబడినది. అన్నగారు కళ్ళజోడు తీసి, “చాలు తమ్ముడూ! నా పింఛనులో నెలకు తొమ్మిదివేలు మిగులుతాయి. సంతకం పెట్టేస్తాను” అనిరి. నాకును సరిగానే తోచినది. అప్పుడు వంటయింటి గుమ్మమున నిలిచిన వదినగారు మెల్లగా, “అయిదు లక్షలను అరవైతో భాగిస్తే వచ్చేది అంతేగా! మరి వడ్డీ ఏదండీ?” అని అడిగినారు.

వడ్డీ గడి ఖాళీగా నున్నది. ఆ రేటు సంస్థవారే నిర్ణయించునది గనుక వారికి తెలిసియే యుండునని అన్నగారు దానిని వదలినారు. ప్రోగ్రాము ఖాళీని సున్నగా భావించి, వడ్డీ లేని ఋణమునకు లెక్క వేసినది. గడిలో 9 వేయగా వాయిదా 10,379.18 అయ్యెను. నెలకు రమారమి 2,046 రూపాయల తేడా. అయిదేండ్లకు 1,22,751 రూపాయలు.

నాకు ఆనాడు బోధపడినది ఇది. మొదటి రెండు తప్పులు మమ్ములను మోసగింపలేదు. ఒకటి నొప్పించినది, ఒకటి నవ్వించినది. రెండును తప్పులని తెలియుచునే యుండెను. మూడవది మాత్రము నమ్మదగిన ముఖముతో వచ్చినది. వెంటనే కనబడిన అంకెకు ఒక అధికారము కలుగును. మనము వేయుచుండగనే అది కదలుటచేత, మన మనస్సులోని లెక్కయే తెరపైకి వచ్చినట్లు తోచును. కావున ఇట్టి ఫారము కట్టువారికి బాధ్యత హెచ్చు.

వారు పాటింపదగిన మర్యాదలు కొన్ని కలవు. మొదటిది: ఖాళీ వేరు, సున్న వేరు. సున్న యనగా ‘లేదు’ అని చెప్పుట. ఖాళీ యనగా ఇంకను చెప్పకుండుట. కావలసిన గడి ఖాళీగా నున్నంతవరకు వాయిదా గడియు ఖాళీగానే యుండి, ‘వడ్డీరేటు వేయుడు’ అని తెలుపవలెను. రెండవది: వ్రాయువాని అలవాటును గౌరవింపవలెను. కామాలను తీసివేసి లెక్కించుట ప్రోగ్రామునకు కష్టమైన పని కాదు. తెలుగు అంకెలు పదింటికిని యూనికోడు పట్టికలో వరుసగా పది స్థానములు కలవు. వాటిని మార్చుకొనుటయు సులభమే. మూడవది: మాట పూర్తి కాకమునుపే తప్పు పట్టరాదు. పదివేలకు తక్కువ ఋణమీయమను నియమమున్నచో, 5 అని తొలి అంకె వేయగానే ‘చాలదు’ అని ఎఱ్ఱని అక్షరములలో గద్దించుట అవివేకము. లెక్కను వ్రాయుచుండగా చూపవలెను. తప్పును మాత్రము ఆ గడి విడిచి వెళ్ళిన పిదపనే చెప్పవలెను. బ్రౌజరు ఈ రెండు సమయములను వేరువేరుగా తెలుపును గనుక దీనికి ఆటంకము లేదు.

ఈ సందర్భమున కంటిచూపు లేనివారి మాటయు చెప్పవలసి యున్నది. వారి కంప్యూటరు తెరపైనున్న దానిని గొంతెత్తి చదువును. పై గడిలో వారు వ్రాయుచుండగా క్రింద మొత్తము మారినచో ఆ మార్పు వారికెట్లు తెలియును? ప్రతి మీటకును రెండు, ఇరువదియైదు, రెండువందల యేబది యని చదివినచో అది రొదయే యగును. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము 2014 మార్చిలో ఖాయపరచిన ప్రమాణమున దీనికి ఉపాయము కలదు. ‘ఈ భాగము మారుచుండును, మారినప్పుడు, సాగుచున్న మాట ముగిసిన పిదప చదువుము’ అని పుటలో గుర్తు పెట్టవచ్చును. ఆ పద్ధతికి వారు పెట్టిన పేరునకు అర్థమే ‘మర్యాదగలది’ అని. చెవితో లోకమును గ్రహించు రేడియో శ్రోతలకు ఈ మర్యాద విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక పైసల సంగతి. యంత్రము తన లోపల ఒకటి, సున్న అను రెండంకెలతోనే సమస్తమును వ్రాసికొనును. మూడవ వంతును మన దశాంశములలో వ్రాయబోయినచో 0.333 అని తుదిలేక సాగును గదా! అట్లే, యంత్రపు అంకెలలో పదవ వంతునకు తుది లేదు. అందుచేత జావాస్క్రిప్టును 0.1, 0.2 కూడుమన్నచో 0.3 అనదు, 0.30000000000000004 అనును. లేశమే యనుకొనరాదు. 1.005ను నూటితో హెచ్చవేసినచో 100.5 రాక 100.49999999999999 వచ్చును, దానిని దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించినచో 101కి బదులు 100 అగును. రూపాయలను ముందుగా పైసలుగా మార్చి, పూర్ణసంఖ్యలతో లెక్కించి, చివరకు మాత్రమే రూపాయలుగా చూపుట ఇందులకు విరుగుడు.

సవరణను ఎప్పుడు చేయవలెననునది మరియొక ప్రశ్న. పెద్దలకు ఇది క్రొత్త కాదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన మనదేశమున నయాపైసలు వచ్చినవి. రూపాయికి పదునారణాలు గనుక అణాకు 6.25 నయాపైసలు. పావు పైసకు నాణెము లేదు గనుక అణాకు ఆరు. అణా వస్తువులు నాలుగింటిని విడివిడిగా కొన్నచో 24 నయాపైసలు. ఒక్కసారి కొన్నచో పావలా, అనగా 25. ఒక్కొక్క పద్దును సవరించి కూడుట వేరు, కూడి సవరించుట వేరు. నేటి బిల్లులలో నూటికి 18 పన్ను వేయునపుడును ఇదే చిక్కు కలదు. ఏ పద్ధతియైనను సరే, తెరపై చూపినదియు తుది బిల్లులో వేసినదియు ఒకే పద్ధతిగా నుండవలెను. లేనిచో ఒక్క పైస తేడాకే నమ్మకము చెడును.

తెరపై లెక్క తేలినది గదా, మరల సర్వరు లెక్కించుట యెందులకని అడుగవచ్చును. తెరపైని లెక్క మన చేతిలోని యంత్రమున జరిగినది; తెలిసినవాడు దానిని మార్చి, వేయి రూపాయల వస్తువునకు పది రూపాయలని పంపగలడు. అందుచేత సర్వరు తన ఆవర్జాలోని ధరలతో మొదటినుండి లెక్క వేసికొనకతప్పదు. తెరపైనిది ముసాయిదా; ఆవర్జాలోనిది ఖాయము. రెండును సరిపోయినచో మంచిదే. ఈలోగా ధర మారియో, మరే కారణముననో సరిపోనిచో, క్రొత్త మొత్తమును చూపి మరల మన సమ్మతి గైకొనవలెను. మనము చూచి ఒప్పుకొన్నది ఒకటి, చెల్లించునది మరొకటి కారాదు.

మనమును చేయదగినది కొంత కలదు. క్రొత్త ఫారము ఎదురైనపుడు, సమాధానము మనకు ముందే తెలిసిన చిన్న లెక్క నొకదానిని వేసి చూడుడు. వేయి రూపాయలకు నూటికి పది యనినచో నూరు చూపుచున్నదా? ఒక గడిని కావలెనని ఖాళీగా వదలి చూడుడు. అది అడుగుచున్నదా, సున్న యనుకొని సాగిపోవుచున్నదా? పంపుటకు ముందు మొత్తమును ఒక కాగితముపై వ్రాసికొని, రసీదు వచ్చిన పిదప రెంటిని సరిచూడుడు. ఈ మూడింటికి అయిదు నిమిషములు చాలును.

మా అన్నగారి కథ అంతటితో ముగియలేదు. పదివేలు దాటిన వాయిదాను చూచి వారు కొంతసేపు మౌనముగా నుండిరి. అప్పు మానుకొందురేమో యని నేననుకొంటిని. అంతలో వదినగారు, “పైగది ఇప్పుడు లేకపోతే ఏం? అది తీసేసి చూడండి” అనినారు. అన్నగారు అసలు గడిలో 500000 తుడిచి 400000 వేసిరి. ఆ తొలి యంకెలు పడుచుండగా క్రింది వాయిదా పైసలనుండి రూపాయలకు, వందలకు, వేలకు ఎగబ్రాకి 8,303.34 కడ నిలిచినది. తొమ్మిదివేలకు లోబడినది. ఈ పర్యాయము వదినగారు మూడు గడులును నిండినవో లేదో వ్రేలితో తాకి మరీ చూచినారు. తరువాత వచ్చిన ఋణపత్రముపై వాయిదా 8,303 రూపాయలని యుండెను. వర్షములకు ముందే స్లాబు పడినది.

చేతిలోని సొమ్ము చాలదని తెలిసి ఒక వస్తువును మానుకొనుట మా అమ్మ మమ్ములను పంపిన దుకాణములో మేము చేసిన పనియే. వెరసి ముందుగా వినబడుటవలననే అది సాధ్యమైనది. వ్రాయుచుండగనే లెక్క తేల్చు ఫారము చేయవలసిన మేలు ఇదియే: సంతకమునకు ముందు మనకు మరల ఆలోచించుకొను వ్యవధి నిచ్చుట. ఆ దుకాణదారుడు పద్దు చదువునపుడు ఒక్కొక్కసారి తలయెత్తి మా ముఖము చూచెడివాడు, విన్నామో లేదో యని. ఫారములు కట్టు యువకులు ఆ చూపును మరువకుందురుగాక.